ఏముంటే ఉంచుకుంటారు?

పోయిన మంగళవారం రాత్రి మా జంతువుల షెల్టర్ వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. గేటు ముందు ఆగిన ఆటో, అందులోంచి దిగుతున్న ఒకావిడ, దిగనని మొరాయిస్తున్న బీగల్ జాతి కుక్క. ఆవిడ మొహం స్పష్టంగా కనిపిస్తోంది. "ఈమెను గుర్తుపెట్టుకోండి, ఇంకెవరూ ఈమెకు కుక్కపిల్లను ఇవ్వకండి" అని కింద రాశారు. పావుగంటలో నలభై జవాబులు వచ్చాయి. సిగ్గులేని మనిషని ఒకరు, కన్నపిల్లల్ని కూడా ఇలాగే వదిలేస్తుందని ఇంకొకరు. ఫొటో తీసేయమని నేను రాశాను. ఎందుకు తీసేయాలో చెప్పమన్నారు. ఫోనులో రెండు ముక్కల్లో చెప్పగలిగింది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాలుగేళ్ళ కిందటైతే ఆ నలభైలో మొదటి జవాబు నాదే అయ్యుండేది. హైదరాబాద్ శివార్లలో ఉన్న ఈ షెల్టర్‌కి నేను ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టింది అప్పుడే. రెండొందల దాకా కుక్కలు, ముప్ఫై పిల్లులు, లారీ గుద్దితే కాలు పోయిన ఒక గాడిద. చూసుకోవడానికి జీతానికి ఉన్నది ముగ్గురు. నూకలు, పసుపు, చికెన్ కాళ్ళు, తలలు వేసి ఉడికించిన గుండిగను ఇద్దరం కలిసి మోసేవాళ్ళం. గోమార్లు ఏరి డెటాల్ నీళ్ళ డబ్బాలో వేసేదాన్ని. పార్వో అనే అంటు వైరస్ జబ్బు సోకిన కుక్కపిల్లల గది నేలను బ్లీచింగ్‌తో కడిగేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి తలస్నానం చేసినా వాసన పోయేది కాదు, అయినా ఆ వాసన నాకు ఇష్టంగానే ఉండేది. కుక్కల మీద ప్రేమ పెరిగే కొద్దీ మనుషుల మీద కోపం పెరిగింది. ఆ రెండూ ఒకటేనని చాలాకాలం నమ్మాను.

తర్వాత ఒక నెల గేటు దగ్గర బల్ల ముందు కూర్చోవలసి వచ్చింది. ఫారాలు నింపే అమ్మాయి పెళ్ళికి సెలవు పెట్టింది. నేను పనిచేసేది బీమా ఆఫీసులో, ఫారాలు నాకు కొత్త కాదు కాబట్టి నన్ను కూర్చోమన్నారు.

స్టీలు తల్లె

ఆ నెల రెండో ఆదివారం ఒకాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. పాలమూరు వైపు మనిషి, ఏదో అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్. తాడు కట్టిన ఎర్రటి ఊరకుక్క ఆయన కాళ్ళకు ఆనుకుని కూర్చుంది. ఏడేళ్ళు పెంచాడట. పాత అపార్ట్‌మెంట్ పడగొట్టి కొత్తది కడుతున్నారు, వేరేచోట పని దొరికింది, అక్కడ మెట్ల కింద గది ఇచ్చారు గానీ కుక్క వద్దన్నారు. "ఏడేళ్ళు మీ ఇంటికి కాపలా కాసిన కుక్కను ఇప్పుడు ఇక్కడ పడేసి పోతారా?" అని అడిగాను. గట్టిగానే అడిగాను. పక్కన ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆయన ఏమీ అనలేదు. సంతకం పెట్టాడు. పెట్టాక సంచిలోంచి ఒక స్టీలు పళ్ళెం తీశాడు. "గీ తల్లెలనే తింటది మేడం. ఇడిసిపోవచ్చునా?" అన్నాడు.

ఆ పళ్ళెం తీసుకున్నాను. కుక్క పదకొండు రోజులు సరిగా తినలేదు, ఆ పళ్ళెంలో పెట్టినా తినలేదు. తర్వాత కొంచెం కోలుకుంది. వానాకాలంలో టిక్ ఫీవర్, అంటే గోమార్ల వల్ల వచ్చే జ్వరం, వచ్చి చనిపోయింది. ఫారం మీద ఆయన ఫోన్ నంబరు ఉంది. ఫోన్ చేసి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఈరోజుకీ చెప్పలేదు.

ఆ కుక్క పోయాక ఆ ఫారాన్ని మళ్ళీ తీసి చూశాను. పేరు, ఊరు, ఫోన్, కుక్క వయసు, టీకాలు, "వదిలేయడానికి కారణం", సంతకం. అంతే. వచ్చిన మనిషి ఏం చెప్పగలడో ముందే తేల్చేసే కాగితం అది. మా ఆఫీసులోనూ ఇంతే, గడి లేని కష్టాన్ని ఎవరూ రాయరు. ఆయనకు కుక్కను వదిలించుకోవాలని లేదు, ఉంచుకునే దారి తెలియలేదు. దాన్ని మేము అడగలేదు. ఆయన చెప్పుకోవడానికి కాగితంలో చోటూ లేదు.

అపార్ట్‌మెంట్ల విషయంలో భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరి 26న ఇచ్చిన సర్క్యులర్ ఒకటుంది. మెజారిటీతో తీర్మానం చేసినా సరే, అసోసియేషన్లు పెంపుడు జంతువులను నిషేధించడానికి లేదని, లిఫ్టు వాడొద్దనడానికి లేదని అందులో ఉంది. దాని ప్రింట్లు ఇప్పుడు మా బల్ల సొరుగులో ఎప్పుడూ ఉంటాయి. ఫ్లాటున్నవాళ్ళకు అది బాగానే పనికొస్తుంది. వాచ్‌మన్ చేతికిచ్చి "సెక్రటరీకి చూపించు" అంటే ఏమవుతుంది? కుక్కతో పాటు ఆయనను కూడా పొమ్మంటారు. ఆయనకు కావలసింది తన తరఫున మాట్లాడే మనిషి. ఏడాది తర్వాత ఇలాంటి పరిస్థితే ఇంకో వాచ్‌మన్ కుటుంబానికి వస్తే మా డాక్టర్ గారు, నేను కలిసి వెళ్ళి ఆ అసోసియేషన్ సెక్రటరీతో మాట్లాడాం. కుక్కకు రేబీస్ టీకా వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, ఆ కాగితాలు ఆయన చేతిలో పెట్టాం. మూడో అంతస్తులో ఉండే ఒక టీచరమ్మ "దాని బాధ్యత నాది" అని రాసిచ్చింది. మొత్తం రెండు సాయంత్రాల పని. ఆ కుక్క ఇప్పటికీ అక్కడే ఉంది.

అప్పుడే ఫారంలో ఒక గడి కలపమని అడిగాను. "ఏముంటే ఉంచుకుంటారు?" కమిటీలో రెండు నెలలు నడిచింది ఈ ఒక్క ప్రశ్న.

గడిలో రాసినవి

ఆ గడిలో జనం రాసినవి చూస్తే నా కోపంలో ఎంత భాగం తెలియకపోవడం వల్ల వచ్చిందో అర్థమైంది.

ఒక పెద్దాయన, వాళ్ళావిడ తొమ్మిదేళ్ళ లాబ్రడార్‌ను తీసుకొచ్చారు. డాలస్‌లో కూతురికి పురుడు పోయడానికి వెళ్తున్నారు. ఆర్నెల్లు. మన ఇళ్ళలో ఈ ప్రయాణం ఎంత మామూలో చెప్పనక్కర్లేదు. కుక్కలను డబ్బులకు ఉంచుకునే బోర్డింగ్ వాళ్ళు రోజుకు ఇంత అని చెప్పిన లెక్క ఆర్నెల్లకు వేసుకుంటే విమానం టికెట్టును దాటిపోతోంది. పాత ఫారం ప్రకారం అయితే ఆ లాబ్రడార్ "వదిలేసిన కుక్క". ఆయన ఆ గడిలో "మార్చి దాకా ఎవరైనా చూసుకుంటే" అని రాశారు. వాళ్ళ కాలనీలోనే పొద్దున్నే నడకకు వెళ్ళే ఇంకో రిటైర్డ్ దంపతులు దొరికారు. వాళ్ళ కుక్క ఆ ఏడాదే పోయింది, కొత్తగా పిల్లను పెంచే ఓపిక లేదు, కుక్క లేకుండా ఉండడమూ చేతకావడం లేదు. లాబ్రడార్ ఆర్నెల్లు అక్కడ ఉంది. ఇప్పుడు రెండిళ్ళ మధ్యా తిరుగుతోంది.

తొమ్మిదేళ్ళ లాబ్రడార్‌ను మా దగ్గర ఎవరూ దత్తత తీసుకోరు. బతికినన్నాళ్ళూ ఒక కెన్నెల్ దానికే. "వీధిలో యాక్సిడెంటయిన కుక్కలకే చోటు లేదు, ఇళ్ళున్న కుక్కల కోసం ఇంత తిరగడం ఎందుకు" అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఆ పెద్దాయన కోసం తిరిగిన తిరుగుడు వల్ల నడుం విరిగిన వీధికుక్కకు ఒక గది మిగిలింది.

ఇంకో కుర్రాడు. డెలివరీ పని చేస్తాడు, ముగ్గురు స్నేహితులతో రూంలో ఉంటాడు. రెండు నెలల కుక్కపిల్లకు పార్వో. బయట ఆసుపత్రిలో రోజుకు పదిహేను వందలన్నారు, అయిదు రోజులన్నారు. మొదటి రోజు కట్టాడు, రెండోరోజు ఫోన్ తాకట్టు పెట్టాడు, మూడోరోజు మా దగ్గరికొచ్చాడు. అలాంటి పిల్లను షెల్టర్‌లో ఉంచుకుంటే మిగతా కుక్కపిల్లలకు ప్రమాదం. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. పిల్లను తీసుకోలేదు. సెలైను, మందులు మా దగ్గరే ఎక్కిస్తామన్నాం, రోజూ పొద్దున్న తీసుకొచ్చి రాత్రికి రూంకి తీసుకెళ్ళాలన్నాం. నాలుగు రోజులు తెచ్చాడు. అది బతికింది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారో వారం దాకా వేయాలని అతనికి చెప్పినవాళ్ళు ముందు ఎవరూ లేరు. పిల్లను అమ్మినవాడు "వ్యాక్సిన్ అయిపోయింది అన్నా" అన్నాడట. ఆ మాట నమ్మడం నేరమా?

చెప్పేవాళ్ళు లేకపోవడం గురించే ఇంకొంచెం. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉందని, అక్కడ కుక్కలనూ పిల్లులనూ చూస్తారని తెలియని పెంపకందార్లు వారానికి ఇద్దరైనా వస్తారు. పశువుల ఆసుపత్రంటే గేదెలకే అనుకుంటారు. జులై 6న, లూయీ పాశ్చర్ 1885లో మొదటిసారి రేబీస్ టీకా వేసిన రోజు గుర్తుగా, ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు జంతువులకు ఉచితంగా రేబీస్ టీకా వేస్తారు. అదీ తెలియదు. బస్తీ నుంచి ఒకామె కోళ్ళ గంపలో కుక్కపిల్లలను తెచ్చి ఇచ్చేది, మూడుసార్లు తెచ్చింది. మూడోసారి మాలో ఒకరు ఆమెను అరిచి పంపారు. నాలుగోసారి గంపతో పాటు తల్లిని కూడా తెమ్మన్నాం. జంతువుల సంతాన నియంత్రణ మీద 2023లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం వీధికుక్కల ఆపరేషన్ మున్సిపాలిటీది, ఇంటి కుక్కది యజమానిదే. ఆమె ఇళ్ళలో పనిచేసుకునే మనిషి, ఆ ఖర్చు ఎక్కడ పెడుతుంది? మేమే చేయించాం. గంప మళ్ళీ రాలేదు.

నేను పొరపాటు పడిన చోటు

ఇదంతా చదివి అడగగానే అందరూ మారిపోతారని నేను అంటున్నానని అనుకోవద్దు. ఒక విషయం చెప్పాలి, చెప్పడం కష్టంగా ఉంది.

కొత్త గడి వచ్చిన మొదటి ఏడాది నాకు అదొక పట్టుదలైపోయింది. ఒకతను జర్మన్ షెపర్డ్‌ను తీసుకొచ్చాడు. మాట్లాడాను. శిక్షణ ఇచ్చే మనిషిని చూపిస్తానన్నాను, నెల రోజుల తిండి ఇప్పిస్తానన్నాను. అన్నిటికీ తలూపాడు. మొహంలో ఏమీ లేదు. కుక్కను వెనక్కి తీసుకెళ్ళాడు, నేను ఆరోజు సంతోషంగా ఇంటికెళ్ళాను. మూడు వారాల తర్వాత అదే కుక్క ఒక ఫంక్షన్ హాల్ వెనక ఎంగిలాకుల దగ్గర దొరికింది. ఎముకలు లెక్కపెట్టొచ్చు, ఒక చెవి నిండా పురుగులు. బతికింది గానీ మనుషుల దగ్గరికి రావడం మానేసింది. ఆరోజు గేటు దగ్గరే తీసుకునుంటే దానికి ఆ మూడు వారాలు ఉండేవి కావు.

కాబట్టి ఆ ప్రశ్న ఒక్కసారే అడగాలి, నిజంగా అడగాలి. "ఏమున్నా ఉంచుకోలేను" అంటే ఆ మాటను కూడా అలాగే తీసుకోవాలి. బతిమాలకూడదు, తిట్టకూడదు. కుక్కను తీసుకుని, తెచ్చినందుకు థాంక్స్ చెప్పి పంపాలి. థాంక్స్ అనే మాట మా వాళ్ళలో చాలామందికి మింగుడుపడదు. నాకూ మొదట పడలేదు. కానీ ఔటర్ రింగ్ రోడ్డు మా షెల్టర్‌కి పది నిమిషాల దూరం. గేటు దగ్గర తిట్లు తినాలని తెలిసినవాడు అర్ధరాత్రి ఆ రోడ్డు మీద తలుపు తీసి, దింపి, వెళ్ళిపోతాడు. చట్టం ఆపుతుందా అంటే, పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి చేసిన నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. దశాబ్దాల కిందటి అంకె అది. దాని భయంతో ఆగేవాళ్ళు ఎవరూ లేరు. ఆగితే ఇక్కడ ఎవరైనా మర్యాదగా మాట్లాడతారన్న నమ్మకంతో ఆగాలి.

అబద్ధాలు చెప్పేవాళ్ళు ఉన్నారు. సంక్రాంతికి ఊరెళ్తున్నాం, వారం ఉంచుకోండి అని చెప్పి ఫోన్ ఆపేసినవాళ్ళు ఒకే పండక్కి ఇద్దరు. అందుకని సంక్రాంతి సాయం మానేద్దామని కమిటీలో వాదన వచ్చింది. ఆ ఏడు మొత్తం పదకొండు కుక్కలను వారం పాటు ఉంచుకున్నాం, తొమ్మిది ఇళ్ళకు వెళ్ళాయి. ఆ సాయం లేని ముందటేడు భోగి తెల్లారి గేటు ఊచలకు కట్టేసి మూడు కుక్కలున్నాయి. మంచుకు వణుకుతున్నాయి, ఎవరివో తెలియదు, టీకాలున్నాయో లేదో తెలియదు. ఇద్దరు మోసం చేశారని తొమ్మిది మందికి తలుపు మూయాలా? నేను మూయొద్దనే అంటాను. కాకపోతే ఇప్పుడు ఆధార్ కాపీ, ఊళ్ళో ఇంకొకరి ఫోన్ నంబరు తీసుకుంటున్నాం.

నిర్లక్ష్యాన్ని పెంచి పోషిస్తున్నామన్న మాటకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎండాకాలంలో నలభై డిగ్రీల ఊళ్ళో హస్కీని కొని, ఏసీ బిల్లు చూసి మా దగ్గరికి తెచ్చినవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళకు మందులిచ్చి, తిండి ఇచ్చి సాగనంపడం న్యాయమేనా అని రాత్రిళ్ళు ఆలోచిస్తాను. ఆ హస్కీ తనను ఎవరు కొనాలో ఎంచుకోలేదన్న ఒక్క మాట దగ్గర ఆగిపోతాను.

చోటు ఎక్కడుంది

2025 ఆగస్టు 11న ఢిల్లీలోనూ చుట్టుపక్కలా ఉన్న వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమని సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చింది. ఆపరేషన్ చేసి, నట్టల మందు, టీకా ఇచ్చి పట్టుకున్న చోటే వదలాలని, రేబీస్ ఉన్నవాటినీ దాడి చేసేవాటినీ మాత్రం వదలొద్దని చెప్పింది. ఆ పదకొండు రోజులూ మాకు ఇక్కడ, హైదరాబాద్‌లో, ఫోన్లు ఆగలేదు. "కోర్టు చెప్పింది కదా, వచ్చి తీసుకెళ్ళండి" అని. వీధికుక్కల గురించే కాదు, ఇంట్లో పెంచుకుంటున్న కుక్క గురించి కూడా అలా అడిగినవాళ్ళున్నారు. షెల్టర్ అంటే ఎన్ని కుక్కలనైనా ఉంచుకోగల చోటని జనం నమ్ముతున్నారు. రెండొందల కుక్కలు, ముగ్గురు మనుషులు. మాకు అలాంటి చోటు లేదు.

కుక్కలంటే భయపడేవాళ్ళను నేను తప్పుపట్టను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును వీధికుక్కలు చంపేశాయి. ఆ సీసీ కెమెరా దృశ్యం చూశాక వారం రోజులు నేను షెల్టర్‌కి వెళ్ళలేకపోయాను. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి కుక్కల మీద జాలి గురించి మాట్లాడే అర్హత ఎవరికీ లేదు. అయితే ఒకటి అడగొచ్చు. టీకా లేని, ఆపరేషన్ కాని, వీధిలో బతకడం తెలియని ఇంటికుక్క రోడ్డెక్కితే ఎవరికి మంచిది? కుక్కలను ప్రేమించేవాళ్ళకూ, భయపడేవాళ్ళకూ మధ్య ఒప్పందం కుదిరే చోటు ఏదైనా ఉంటే అది ఇంట్లో ఉన్న కుక్కను ఇంట్లోనే ఉండనివ్వడం.

దీనికి డబ్బు రాదు. కారు కింద పడ్డ కుక్క ఫొటో పెడితే సాయంత్రానికి ఆపరేషన్ ఖర్చు వచ్చేస్తుంది, ఇచ్చినవాళ్ళందరికీ నా నమస్కారం. కానీ ఒక ఆటోడ్రైవర్ ఇంట్లో కుక్క ఉండిపోయిందంటే అందులో ఫొటో తీయడానికి ఏముంటుంది? ఏదీ జరగలేదు, అంతే. పోయిన ఏడాది గేటు బల్లకు మేము ఖర్చుపెట్టింది ఎక్కువగా మా వాలంటీర్లు నెలకు రెండొందలు, మూడొందలు వేసుకున్నదే. వాలంటీరుగా వస్తామని అడిగేవాళ్ళు కుక్కపిల్లలతో ఆడుకోవడానికి వస్తారు. బల్ల దగ్గర కూర్చుంటారా అంటే వెనకాడతారు. ఏడ్చే మనిషి ఎదురుగా కూర్చోవడం కన్నా కెన్నెల్ కడగడమే సులువు. ఆ సంగతి నాకు తెలుసు.

మళ్ళీ ఆ ఫొటో

బుధవారం ఫారం తీయించి చూశాను. హడావిడిలో ఆవిడ చేత పాత కాగితమే నింపించారు. "కారణం: ఇల్లు మారుతున్నాం." కింది గడి లేనే లేదు. ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. మధ్యాహ్నం ఆవిడే చేసింది. భర్త ఉద్యోగం పోయిందట, అద్దె కట్టలేక అత్తగారింటికి వెళ్ళారు. అక్కడ మామగారికి పక్షవాతం, మంచం దగ్గర కుక్క తిరగకూడదంటున్నారు. ఏముంటే ఉంచుకుంటారని అడిగాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మూడు నెలలండీ. నాకు వచ్చే నెల నుంచి జాబ్ ఉంది. మూడు నెలలు ఎక్కడైనా ఉంటే మళ్ళీ రూం తీసుకుని తెచ్చుకుంటాం. అలా అడగొచ్చని నాకు తెలీదు" అంది. ఫొటో సంగతి ఆవిడకు తెలుసు. ఎవరో పంపారట.

కుక్కను ఇచ్చినవాళ్ళు మళ్ళీ చూడడానికి రాకూడదని మాకో నియమం ఉంది. కుక్క బెంగ పెట్టుకుంటుందని పెట్టారు, అందులో నిజం ఉంది. నిన్న కమిటీ వాళ్ళతో గంటన్నర మాట్లాడాను. ఒప్పుకున్నారు, ఈ ఒక్కసారికి. మూడు నెలలు ఉంచుకోవడానికి మా గ్రూపులోనే ఒకరు ముందుకొచ్చారు. ఆ నలభై జవాబుల్లో ఒకటి రాసినామే.

ఆవిడ ఈ ఆదివారం పదకొండింటికి వస్తుంది. ఆరోజు గేటు బల్ల దగ్గర నేనే ఉంటాను.